తెల్ల రేకు

పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో వెంకటకృష్ణయ్య రేడియో రిపేరు కొట్టుకు రెండు భాషలు. కౌంటరుకు అవతల, వీధివైపు నిలబడ్డవాళ్ళతో అరవం. కౌంటరు పలక పైకెత్తి లోపలికి వచ్చినవాళ్ళతో తెలుగు. ఈ ఏర్పాటు ఎవరూ పనిగట్టుకుని చేసింది కాదు. వెంకటకృష్ణయ్య తాత బట్టల మూటతో ఆ వీధిలో దిగిన నాటినుంచీ అలాగే నడుస్తోంది. ఇంట్లో అందరికీ తెలుగు మాట్లాడటం వచ్చు గానీ, చదవడం ఒక్కరికీ రాదు. కొట్టు వెనకే ఇల్లు.

కౌంటరు పక్కన, వీధిలో పోయేవాళ్ళందరికీ కనబడేలా రిపేరు బల్ల, దాని ముందు ఎత్తుపాటి స్టూలు ఉంటాయి. హేమావతి కళ్ళన్నీ ఆ స్టూలు మీదే. వెంకటకృష్ణయ్యకు ఆమె ఒక్కతే కూతురు, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ఆఖరి సంవత్సరం. అప్పటికే కొట్టుకొచ్చిన రేడియోల్లో సగానికి పైగా ఆమె చేతిమీదుగానే బాగవుతున్నాయి. కాకపోతే ఆమె వంటింటి పక్క గదిలో గోడవైపు తిరిగి కూర్చుని బాగుచేస్తే, వాళ్ళ నాన్న వాటిని ముందుకు తెచ్చి, బల్ల మీద పెట్టి, తానే ఆఖరి స్క్రూ బిగిస్తున్నట్టు నటించి అప్పగించేవాడు. పైగా "కొంచెం మొండికేసిందండీ" అని మెచ్చుకోలు కూడా తానే కొట్టేసేవాడు.

"ఆ స్టూలు మీద నన్ను కూచోనీ నాయనా" అని ఆమె అడిగినప్పుడల్లా ఒకటే జవాబు.

"ఆడపిల్ల రేడియో ఇప్పతా ఉండేది చూస్తే, తెచ్చినోడు తెచ్చినట్టే ఎత్తుకపోతాడు. నీకు తెలవదులే."

ఆమెకు తెలియనిదేముంది? వాళ్ళ రేడియోలు ఇప్పుతున్నది ఎవరో వాళ్ళకు తెలియదు, అంతే.

ఈ ఇంటికి భీమేశ్వరరావు అలవాటైన తీరు చెప్పాలి. పాలిటెక్నిక్‌లో లెక్చరరు, ఊరు యానాం. యానాం వాళ్ళకు ప్రభుత్వోద్యోగమంటే ఎప్పుడో ఒకప్పుడు పుదుచ్చేరి రాక తప్పదు. వచ్చినవాళ్ళు తిరిగి యానాం బదిలీ కోసం ఆఫీసుల చుట్టూ ప్రదక్షిణాలు చెయ్యకా తప్పదు. ఆయన భార్య అక్కడే బడిపంతులమ్మ, ఉద్యోగం వదిలి రాలేదు. ఆయన బయల్దేరినప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్న కూతురు ఇప్పుడు రెండో తరగతి చదువుతోంది. ఇన్నేళ్ళయినా ఆయనకు అరవం పట్టుబడలేదు. కూరల వాడితో వేళ్ళు చూపించి బేరమాడేవాడు.

మొదటిసారి కొట్టుకొచ్చినప్పుడు చంకలో ఒక ట్రాన్సిస్టరు పెట్టుకుని, వచ్చీరాని అరవంలో ఏదో గొణుగుతుంటే, వెంకటకృష్ణయ్య యాస పసిగట్టి, "ఏంది సారూ, పాడదా?" అన్నాడు. ఆ మాట విని భీమేశ్వరరావు కళ్ళు చెమర్చాయి. పలక ఎత్తి లోపలికి రమ్మన్నారు. తాయారమ్మ, అంటే హేమావతి తల్లి, ఆ పూటే అన్నం పెట్టింది. అప్పటినుంచి ఆయన ఆమెను అక్కయ్యగారూ అన్నాడు. ఆమె తమ్ముడన్నది. అందుచేత హేమావతికి కాలేజీలో సారు, ఇంట్లో మామ.

ఆదివారం వచ్చిందంటే ఆ ఇంట్లో భోజనం ఆయనదే. తిన్నాక చేతులు తుడుచుకుని, యానాం నుంచి పోస్టులో తెప్పించుకున్న వారపత్రిక తీసి తాయారమ్మకు సీరియల్ చదివి వినిపించేవాడు. ఆమె చింతపండు పిక్కలు తీస్తూ వినేది. కథలోని అత్తగారిని తిడుతూ, కోడలికి సలహాలిస్తూ, పత్రిక వాళ్ళకే వినబడేంత గట్టిగా వినేది. తన మాతృభాషలో అచ్చయిన కథ ఒకటి తన ఇంట్లో మోగడం ఆమెకు అదే మొదలు. తమ్ముడంటే ప్రాణం పెట్టిందంటే పెట్టదూ మరి!

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. భీమేశ్వరరావు ఎక్కడో ఒక పత్రికలో జపాను సుమో వస్తాదుల బొమ్మ చూశాడు. ఇద్దరు భారీ మనుషులు ఒక వలయంలో నిలబడి ఒకరినొకరు బయటికి తోసుకుంటారు. బయటికి పోయినవాడు ఓడినట్టు. ఈ పని బండ్లు చేస్తే ఎలా ఉంటుందని ఆయనకు తోచింది. కాలేజీ ప్రదర్శనకు పోటీ ప్రకటించాడు. నల్లరంగు వేసిన గుండ్రటి చెక్క వేదిక. దాని అంచు చుట్టూ తెల్లటి పట్టీ. ఒక్కో ఆటకు రెండు బండ్లు. వైరు ఉండకూడదు, మనిషి చెయ్యి తగలకూడదు. బండి తన కళ్ళతో తానే చూసుకుని, తన బుద్ధితో తానే ఎదుటి బండిని తోసెయ్యాలి.

హేమావతి పేరిచ్చింది. ఆ సంగతి ఇంట్లో చెప్పి, అదే ఊపులో వాళ్ళ నాన్నను పట్టుకుంది.

"గెలిస్తే స్టూలు నాదేనా?"

వెంకటకృష్ణయ్య మీసం దువ్వుకున్నాడు. "ఊరంతా చూడంగా గెలువు. అప్పుడు ఎవుడూ నోరెత్తడు. ఆ స్టూలు నీదే. సారు సాక్షి."

"సాక్షేనండీ!" అన్నాడు భీమేశ్వరరావు, పప్పన్నం కలుపుకుంటూ.

ఇక ఆ పిల్ల చూసుకోండి. పాత వాల్వు రేడియో ఇనప చట్రం ఒంటికి పనికొచ్చింది. మెకానిక్ షెడ్డులో పారేసిన కార్ల వైపర్ మోటార్లు రెండు సంపాదించింది. కడుపులో స్కూటర్ బ్యాటరీ. చక్రాలు జారకుండా హవాయి చెప్పులు కోసి అతికించింది, అవి తాయారమ్మ చెప్పులని తర్వాత తేలింది. ముక్కున కాలింగ్ బెల్ స్విచ్. ఎదుటి బండి దానికి తగిలిందా, మోటార్లు పూర్తి బలం తీసుకుని తోస్తాయి.

అసలు కిటుకంతా కన్నులో ఉంది. బండి ముందుభాగం కింద, నేలవైపు చూస్తూ, ఒక చిన్న టార్చి బల్బు, దాని పక్కన వెలుగును పసిగట్టే గింజంత భాగం. కింద నలుపుంటే వెలుగు తిరిగి రాదు, బండి ముందుకు పోతుంది. తెలుపు కనబడితే వెలుగు తిరిగొస్తుంది. అంటే అంచొచ్చిందన్నమాట. అప్పుడు బండి ఏ పనిలో ఉన్నా సరే, తోస్తున్నా సరే, అన్నీ వదిలేసి జానెడు వెనక్కి పోయి పక్కకు తిరగాలి. జానెడే కదా పోయేదని వెనక కన్ను పెట్టలేదు.

అభ్యాసానికి వేదిక ఎక్కడుంది? ఇంటి వసారాలో నల్లటి కడప బండలు పరిచి ఉన్నాయి. సాయంత్రాలు తాయారమ్మ వాటి మీద ముగ్గుపిండితో దళసరిగా గుండ్రంగా పట్టీ పోసేది.

"పొద్దున వీధికి, సాయంకాలం నీ బండికీనా? నడుం పోతా ఉండాది" అని సణుగుతూనే, వంకర లేకుండా పోసేది. బండి బుర్రుమంటూ వెళ్ళి, ముగ్గు అంచున టక్కున ఆగి, వెనక్కొచ్చి తిరిగేది. ఒక్కసారి కూడా ముగ్గు తొక్కలేదు. "నీ కన్నా అదే నయం, ఎప్పుడన్నా ముగ్గు తొక్కకుండా నడిచినావా?" అని తాయారమ్మ కూతురిని దెప్పేది.

పోటీలో గట్టివాడు చిన్నదురై. బదిలీల కాగితాలు కదిలే ఆఫీసులో వాళ్ళ నాన్న పెద్ద అధికారి. కుర్రవాడు చెడ్డవాడేం కాదు, కష్టపడేవాడే. వాడి బండికి ముందు నల్లరంగు వేసిన పల్చటి రేకు నేలను ఒరుసుకుంటూ ఉండేది, ఎదుటి బండి కిందికి దూరి పైకెత్తడానికి. కాలేజీలో సరదాకు వేసిన ఆటల్లో హేమావతి బండి ఆ రేకు మీదెక్కి మరీ దాన్ని తోసేసింది. నలుపు మీదెక్కినా దాని కన్నుకు నలుపే గదా!

పోటీకి ముందు ఆదివారం భీమేశ్వరరావు భోజనానికొచ్చి, బండి చూపించమన్నాడు. హేమావతి దాన్ని వెల్లకిలా తిప్పి ఒళ్ళో పెట్టుకుని, అన్నీ విప్పి చెప్పింది. మామకు కాక ఇంకెవరికి చెప్పుకుంటుంది?

"తెలుపు చూస్తే ఇంకెవురి మాటా వినదు మామా. తోసేది కూడా ఆపేసి వెనక్కి వస్తాది. అందుకే ఎప్పుడూ పడిపోదు."

ఆయన ఆ కన్ను మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. "బుద్ధి ఉన్న బండి తల్లీ" అన్నాడు. ఆ రోజు పెరుగన్నం తినలేదు. సీరియల్ సగంలో ఆపి, తలనొప్పిగా ఉందని వెళ్ళిపోయాడు. తాయారమ్మ అల్లం కాఫీ తాగి పొమ్మన్నా ఆగలేదు.

పోటీ నాడు వెంకటకృష్ణయ్య పనిదినాన కొట్టు మూశాడు. బజారంతా నోరు వెళ్ళబెట్టింది. వీధిలో ఖాతాదార్లను నలుగురైదుగురిని కూడా వెంటేసుకుని, తెల్ల పంచె కట్టి, హాల్లో ముందు వరసలో కూర్చున్నాడు. ఈల భీమేశ్వరరావు చేతిలో ఉంది.

మొదటి ఆటలు ఆడుతూ పాడుతూ గడిచాయి. హేమావతి బండి ఒకదాన్ని అడ్డంగా, ఇంకోదాన్ని నిలువునా తోసేసింది. వెంకటకృష్ణయ్య పక్కవాళ్ళకేసి తిరిగి, "ఆ సోల్డరింగ్ అంతా దాని చెయ్యే" అని అరవంలో చెప్పుకున్నాడు. ఆ మాట హేమావతి చెవిన పడింది. ఖాతాదార్ల ముందర నాన్న నిజం చెప్పడం ఆమె అంతకుముందు వినలేదు.

ఫైనలంటే మూడాటల్లో రెండు గెలవాలి. చిన్నదురై బండి తెచ్చి వేదిక మీద పెట్టాడు. తొలి ఆటల దాకా నల్లగా ఉన్న ముందు రేకు ఇప్పుడు తెల్లగా మెరుస్తోంది. ఎనామిల్ రంగు వాసన కొట్టింది.

ముస్తాబు చేసుకొచ్చాడు కాబోలని ఆమె అనుకుంది. అంతలో ఈల మోగింది.

రెండు బండ్లూ ఎదురెదురుగా కదిలాయి. తెల్ల రేకు ఆమె బండి ముక్కు కిందికి దూరింది. కన్ను తెలుపు చూసింది. ఆమె నేర్పినట్టే, అన్నీ వదిలేసి వెనక్కి నడిచింది. చిన్నదురై బండి వెంటబడింది. రేకు కంటి కిందనే ఉంది. బండి ఇంకా వెనక్కి నడిచింది. ఎక్కడ చూసినా అంచే దానికి. ఎదుటి బండి తొయ్యనైనా తొయ్యలేదు, వెంట నడిచిందంతే. హేమావతి బండి తనంతట తానే వేదిక దిగి, చక్రాలు గాల్లో తిప్పుకుంటూ బోర్లాపడింది.

హాలు గొల్లుమంది. "ఓడుదు పారు, ఓడుదు!" పారిపోతోంది చూడమని ఎవరో అరిచారు.

హేమావతికి తల కొట్టేసినట్టయింది. రెండో ఆటకు ముందు దొరికిన వ్యవధిలో కన్ను వైరు పీకేసింది. ఇంకేం చెయ్యగలదు? గుడ్డిబండి బలంగానే ఉరికింది. చిన్నదురై బండి పక్కకు తప్పుకుంటే, ఇది ఆగకుండా పోయి అవతలి అంచు మీంచి దూకేసింది. ఈల మోగింది. ఈల వేసిన మనిషి వైపు ఆమె చూసింది. ఆయన దాని తాడు చిక్కు తీసుకుంటున్నాడు. ఆ తాడుకు చిక్కేం లేదు.

ఇంటికొచ్చాక వెంకటకృష్ణయ్య పంచె మార్చుకుంటూ అన్నాడు.

"ఓడినా ఫరవాలేదు. తోసి పడేసినా ఫరవాలేదు. భయపడి పారిపోయిందే! రేపు కొట్టుకొచ్చినోళ్ళకి మొకం ఎట్ట చూపించేది? నువ్వు లోపలే చేసుకోమ్మే. స్టూలు మాట ఎత్తొద్దు."

ఆమె ఏడవలేదు. బండిని తిరగేసి వసారాలో పెట్టింది. కన్ను పక్కన, ఇనప చట్రానికి, తెల్లరంగు మరక అంటుకుని ఉంది. వేలు పెడితే వేలికి అంటింది. అప్పటికప్పుడు వేసిన రంగు. నల్లగా బాగానే ఉన్న రేకుకు, ఫైనలు పెట్టుకుని, తెల్లరంగే ఎందుకు వేస్తాడు ఎవడైనా?

వైరు మళ్ళీ అతికించి బండిని బండల మీద వదిలింది. వంటింట్లోంచి ఒక తెల్ల పళ్ళెం తెచ్చి దాని ముక్కు కిందికి తోసింది. బండి వెనక్కి నడిచింది. పళ్ళెం జరిపింది. ఇంకా వెనక్కి. అలా వసారా ఈ చివరినుంచి ఆ చివరిదాకా తీసుకుపోయి గోడకు ఆనించింది.

"చూసినావా నాయనా? భయపడలేదు. నేను చెప్పిన మాటే విన్నది. దాని కన్ను యాడుండాదో, దేనికి వెనక్కి పోతాదో తెలిసినోడే ఈ పని చేసినాడు."

వెంకటకృష్ణయ్య రేడియో మనిషి. చూడగానే బోధపడింది. "ఎవురికి తెలుసు?"

"నాకు, అమ్మకి, నీకు. మామకి."

"ఛీ, నోర్ముయ్! సారు మన మనిషి" అన్నాడు వెంకటకృష్ణయ్య. కానీ పళ్ళాన్ని తానే ఇంకోసారి జరిపి చూశాడు.

తర్వాత రెండు ఆదివారాలు భీమేశ్వరరావు రాలేదు. ఆయన కంచం తాయారమ్మ తోమి, బోర్లించి, కూతురు వైపు చూడకుండా పనిచేసుకుంది. ఆయన కాలేజీలోనూ ఎదురుపడలేదు, హేమావతి వస్తుంటే స్టాఫురూములోకి తప్పుకునేవాడు. ఆమె లోలోపల ఒక ఆశ పెట్టుకుంది. కాదని చెప్పడానికైనా వస్తాడు. వస్తే నమ్ముదామనే అనుకుంది.

వచ్చాడు. ఒక సాయంత్రం, చంకలో ఆ పాత ట్రాన్సిస్టరు, చేతిలో మైసూరుపాకు పొట్లం. అలవాటు చొప్పున పలక ఎత్తి లోపలికొచ్చాడు.

"యానాం బదిలీ అయిందండీ" అన్నాడు వెంకటకృష్ణయ్యతో. "ఎల్లుండి ప్రయాణం. అక్కయ్యగారికి చెప్పి వెళ్దామని..."

తాయారమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది. హేమావతి తల్లి వెనకనుంచి ముందుకొచ్చింది.

"మామా, చిన్నదురైకి తెల్లరంగు వెయ్యమని ఎవురు చెప్పినారు?"

కాదంటాడేమోనని ఇంకా చూస్తూనే ఉంది. ఆయన పొట్లం కౌంటరు మీద పెట్టాడు.

"వాళ్ళ నాన్నగారు ఇంటికి పిలిచారమ్మా. అబ్బాయి బండి చూసి ఓ మాట చెప్పమన్నారు. నేనేం అడగలేదు. ఆయనా ఏం చేస్తాననలేదు. రేకు తెల్లగా ఉంటే బాగుంటుందన్నాను. ఆ ఒక్కమాటేనమ్మా."

"ఆ ఒక్కమాటే నేను మీకు చెప్పింది" అంది హేమావతి.

"పాప నన్ను ఫొటోలో చూసి గుర్తుపడుతోంది తల్లీ. నువ్వు చిన్నదానివి, నీకు ఇంకా పోటీలొస్తాయి." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "పరాయి పిల్లకైతే ఈ పని చేసేవాణ్ణి కాదు. ఒట్టు. నువ్వు మన పిల్లవి, అర్థం చేసుకుంటావని, ఆ చనువుకొద్దీ..."

వెంకటకృష్ణయ్య స్టూలు మీద అలాగే ఉండిపోయాడు. తాయారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురు ఫొటో చూసి గుర్తుపట్టాల్సిన మనిషి మీద ఆమెకు జాలేసింది, ఆ జాలి వేసినందుకు కడుపు మండింది కూడా. మన పిల్ల కాబట్టి! ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో తిన్న అన్నం, కలిపిన వరస, పిలిచిన పిలుపు, అన్నీ ఆయనకు ఇందుకు పనికొచ్చాయి. పరాయివాళ్ళను మోసం చెయ్యడానికి భయమో సిగ్గో అడ్డొస్తుంది. ఇక్కడ ఏదీ అడ్డు రాలేదు.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయనకే అనిపించి ఉంటుంది. ఏం చెయ్యాలో తోచక ట్రాన్సిస్టరు బల్ల మీద పెట్టి, "ఇది పలకడం లేదండి, అక్కడ బాగుచేసేవాళ్ళు లేరు" అని గొణిగాడు. లోపల నిలబడలేక పలక ఎత్తి వీధిలోకి పోయి, కౌంటరుకు అవతల నిలబడ్డాడు. పలక కిందికి పడింది.

హేమావతి బల్ల దగ్గరికొచ్చింది. వెంకటకృష్ణయ్య కూతురి మొహం చూసి స్టూలు దిగాడు. ఆమె ఎక్కి కూర్చుంది. ఇన్నాళ్ళూ కోరుకున్న స్టూలు ఇలా దక్కిందే అనుకుంది. ట్రాన్సిస్టరు విప్పింది. వీధిలో ఇద్దరు ఖాతాదార్లు ఆగి చూశారు. ఎవరూ తమ రేడియో తీసుకుని పోలేదు. స్పీకరు దగ్గర వైరు ఊడింది, అంతే. వెయ్యాల్సిన అతుకు వేసింది. దుమ్ము తుడిచింది. స్టేషను తిప్పి, పలికిందని రూఢి చేసుకుని, స్క్రూలన్నీ బిగించింది. పనిలో వంక పెట్టడానికి లేదు.

ట్రాన్సిస్టరును, దాని పక్కనే విప్పని మైసూరుపాకు పొట్లాన్ని కౌంటరు మీద ముందుకు జరిపింది. చిరునవ్వు నవ్వింది. కొట్టుకొచ్చే ప్రతివారికీ వెంకటకృష్ణయ్య నవ్వే నవ్వు అది.

"రెడి సార్. పోట్టు పారుంగ" అంది అరవంలో, వేసి చూసుకోమని.

భీమేశ్వరరావుకు అరవం రాకపోవచ్చు. ఇది మాత్రం అర్థమైంది. గుమ్మంలో తాయారమ్మ వైపు చూశాడు. ఆమె తమ్ముడూ అంటుందేమోనని కాసేపు ఆగాడు. ఆమె లోపలికెళ్ళిపోయింది. ఆయన ట్రాన్సిస్టరు తీసుకుని, పొట్లం వైపు చూసి, అదీ తీసుకుని, వీధి దాటాడు.

వెంకటకృష్ణయ్యకు ఇంకా మనసొప్పలేదు. "ఏందే, సారుతో అరవం మాట్లాడతా ఉండావు?"

హేమావతి సోల్డరింగ్ ఇనుమును దాని గూట్లో పెట్టింది.

"కౌంటరుకు అవతల గదా నాయనా నిలబడి ఉండేది."